పళ్ళ డాక్టరు గోడ మీద వదిన

ఆమెకు కూర్చోవడం చేతకాదు. భోజనం కూడా సగం నిలబడే కానిస్తుంది. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఫొటో తీయించుకోవడానికి స్టూడియోకి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ, నాన్న, అన్న చక్కగా పడేవారు. వాళ్ళ మధ్యలో మాత్రం గౌను తొడిగిన ఒక మసక మచ్చ ఉండేది. అదే ఆమె. ఇంట్లో అందరూ బొంగరం అని పిలిచేవారు. పెళ్ళయ్యాక ఆ పేరు ఆమెకన్నా ముందే అత్తవారింటికి చేరిపోయింది.

అలాంటి మనిషి చేపట్టిన పనేమో నత్తకే నడక నేర్పేంత నెమ్మదైన పని. నూనె రంగులతో బొమ్మలు వేస్తుంది, అదీ పాతకాలపు పద్ధతిలో, పొర మీద పొర పేర్చుకుంటూ. ముందు కాన్వాసు మీద మట్టిరంగు పలుచగా పూయాలి. అది ఆరాలి. దాని మీద వెలుగునూ నీడనూ ఉత్త బూడిదరంగులోనే దిద్దాలి. అదీ ఆరాలి. అప్పుడు అవిసె నూనెలో కలిపిన రంగును అద్దమంత పలుచగా ఒక పూత వేసి వదిలెయ్యాలి. తరువాత ఇంకొకటి, ఆపైన మరొకటి. కింది పొర ఆరకముందే తొందరపడితే కొన్నేళ్ళకు బొమ్మంతా నెర్రెలు విచ్చుతుంది. ఒక్క మొహానికి ఆరు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. అందులో కుంచె పట్టే సమయం కొంచెమే. మిగిలినదంతా ఆరడం కోసం కాచుకోవడమే.

పెళ్ళికి ముందు ఆమె అట్టపెట్టెల కంపెనీలో లేబుళ్ళు గీసేది. ఇవాళ సబ్బు, రేపు బూట్ల పాలిష్, ఎల్లుండి దోమల మందు. ఆ పరుగు ఆమెకు బాగానే సరిపోయింది. ఒకరోజు వాన తప్పించుకుందామని మ్యూజియంలో దూరింది. అక్కడ ఎవరో బట్టల వర్తకుడి పాత చిత్తరువు ఉంది. ఆయన బుగ్గ మీది ఎరుపు పైన పూసినట్టు లేదు, చర్మం లోపలి నుంచి పైకి వస్తున్నట్టుంది. ఆమె ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళింది. కాపలా ఆయన "వెనక్కమ్మా" అన్నాడు. వెనక్కి వచ్చి, ఆయన అటు తిరగగానే మళ్ళీ వెళ్ళింది. వాన ఎప్పుడో వెలిసింది. చివరికి ఆయనకే విసుగొచ్చి, "పాత బొమ్మలు బాగుచేసే మాస్టారు వెనక గదిలో ఉంటాడు. ఏం కావాలో ఆయన్నడుగు, నన్నొదిలెయ్" అన్నాడు.

మాస్టారు ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. అంతసేపట్లో ఆమె బల్ల మీది మూడు సీసాలు ఎత్తి వాసన చూసి, తప్పు చోట పెట్టేసింది.

"ఇది ఓపికున్నవాళ్ళు చేసే పని. నిన్ను చూస్తుంటేనే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. వెళ్ళిరామ్మా."

ఆమె వెళ్ళింది, మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఊడవకూడని మూలలు ఊడ్చింది, సర్దకూడని కుంచెలు సర్దింది. కొన్నాళ్ళకు మాస్టారే దిగివచ్చాడు.

"సరే, ఓపిక లేనివాళ్ళకి ఒకటే ఉపాయం. ఒక బొమ్మ కాదు, పది మొదలుపెట్టు. ఒకటి ఆరేలోపు ఇంకొకదాని మీద పడు. ఏదో ఒకరోజు అలిసిపోయి నువ్వే కూర్చుంటావు."

పది మొదలుపెట్టింది. కూర్చోవడం మాత్రం జరగలేదు.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ఇంట్లో తడారిన గోడ లేదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. బీరువాల మీద, మంచం తల దగ్గర, స్నానాలగది తలుపు వెనక, ఎక్కడ చూసినా తడి బొమ్మలే. ఇంటికి వచ్చిన చుట్టాలు నల్లబట్టలు వేసుకొస్తారు. భర్త లిఫ్టు మెకానిక్కు. ఆయన చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది. "రోజంతా పైకీ కిందికీ తిరుగుతాను, ఇంటికొస్తే ఈవిడ అటూ ఇటూ తిరుగుతుంటుంది. మా ఇద్దరిదీ కలిపితే ఊరంతా సరిపోతుంది" అని నవ్వుతాడు. నెమ్మదస్తుడు. ఆమె గదిలో సామాన్లన్నీ చోటు మార్చేసిన రోజున కూడా, "ఇవాళ మంచం ఎటుందో చెబితే వెళ్ళి పడుకుంటాను" అనడమే తప్ప విసుక్కోడు.

పనిలో ఆమెకు మంచి చెయ్యి ఉంది. మాస్టారే ఒప్పుకున్నాడు. చిక్కంతా చివరి పొర దగ్గరే. బొమ్మ అయిపోయిందని అందరికీ తెలుస్తుంది, ఆమెకు తప్ప. ఇంకొక్క మెరుపు, ఇంకొంచెం నీడ అంటూ గెలుకుతుంది. గెలికిన చోటు మురికిగా మారుతుంది. దాన్ని కప్పడానికి ఇంకొంత పూస్తుంది. పొద్దున్న బతికి ఉన్న మొహం సాయంత్రానికి తోలుబొమ్మ అయిపోతుంది. అలా ఎన్ని బొమ్మలు పాడుచేసిందో ఆమెకే లెక్క తెలియదు. వాటిని గోకేసి, అదే కాన్వాసు మీద మళ్ళీ మట్టిరంగు పూసేది. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడరు.

ఇలా ఉండగా వదిన వచ్చింది.

వదిన అంటే భర్తకు అక్క. ఆయనకన్నా పదేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళపాటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఆమె ఉండే వాటాలో పైన ఎక్కడో పైపు పగిలి, పైకప్పు పెచ్చులు పెచ్చులుగా మంచం మీద పడింది. బాగుచేసేదాకా తమ్ముడి ఇంట్లో ఉంటానని రెండు సంచులతో దిగింది. మరదలికీ ఆమెకూ మొదటినుంచీ అంతంతమాత్రమే. పెళ్ళిచూపుల నాడే, "ఈ పిల్ల కుర్చీలో నిమిషం నిలవడం లేదు, నీ ఇంట్లో నిలుస్తుందా?" అని తమ్ముణ్ణి అడిగిన మనిషి. అడిగింది గుసగుసగానే గానీ ఆ గొంతు గుసగుసకు పనికిరాదు. గుండ్రంగా, స్పష్టంగా గదంతా వినిపిస్తుంది.

వచ్చిన మర్నాడు వదిన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని వీధిలోకి చూస్తూ ఉంది. మరదలు వంటింట్లోకి వెళ్ళి వచ్చింది, బాల్కనీలోకి వెళ్ళి వచ్చింది, మార్కెట్టుకు కూడా వెళ్ళి వచ్చింది. వదిన అలాగే ఉంది. భుజం కదల్లేదు, తల వాలలేదు. ఇంతవరకు ఆమె ముందు కూర్చున్నవాళ్ళంతా పావుగంటకే మెడ పట్టేసిందనేవారు.

"వదినా, మీ బొమ్మ వేస్తాను. కూర్చుంటారా?"

"కూర్చునే ఉన్నానుగా."

"చాలా రోజులు పడుతుంది."

"కూర్చునే నేను జీతం తీసుకున్నాను, అమ్మాయ్. నాకేం నొప్పి? నువ్వు నిలబడగలవో లేదో చూసుకో."

మొహం మీద పని మొదలైంది. వదినకు వెడల్పాటి నుదురు, బరువైన కనురెప్పలు. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోను మోసిన ఎడమ చెవి కుడిదానికన్నా కాస్త అణిగి ఉంటుంది. భుజాల మీద ఆకుపచ్చ శాలువా. మట్టిరంగు పొర ఆరేలోపు మరదలు వంటింటి అరలన్నీ కడిగింది. బూడిదరంగు దిద్దడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. అది అయ్యాక ఒక మధ్యాహ్నం వదిన లేచి వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

నుదుటినుంచి శాలువా దాకా చూసింది. తరువాత, "నేనేమన్నా పోయానా?" అంది.

"అది కాదు వదినా..."

"కాదంటే? పోయినవాళ్ళు కూడా ఇంతకన్నా కళగా ఉంటారు. కళ్ళు మాత్రం తెరిచావు, అదొక దయ."

"ఇది అడుగు పొర. ఎముకల్లాంటిది. రక్తం తరవాత పోస్తాను. ముందు ఎరుపు, తరవాత పసుపు, శాలువాకి ఆకుపచ్చ. అన్నీ దీని మీదే నిలుస్తాయి."

"పోస్తావుగా?"

"పోస్తాను."

"మాటంటే మాటే." వదిన మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఆ వారంలోనే, బొమ్మల ప్రదర్శనలు పెట్టే ఒక గ్యాలరీ ఆయన వచ్చాడు. ఎవరో చిత్రకారుడు చివరి నిమిషంలో చెయ్యివ్వడంతో గోడలు ఖాళీ అయిపోయి, ఉన్నవి చూద్దామని వచ్చాడు. ఆరిన ఏడు బొమ్మలు ఏరాడు. వెళ్ళబోతూ కిటికీ దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"అది ఇంకా కాలేదండి. బూడిద పొరే."

"దీన్ని ముట్టుకోకండి."

"రంగులు వెయ్యాలి కదా?"

"వద్దండి. ఇలాగే ఇవ్వండి. మీ బొమ్మలన్నిట్లోనూ ఊపిరి ఉన్నది ఇదొక్కటే. మిగతావి... ఏమనుకోకండి, కాస్త ఎక్కువ ఉడికినట్టున్నాయి."

ఆమె ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి తీరిక లేనంత సంతోషం కలిగింది. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ఆమెతో ఆపెయ్యమని చెప్పి, ఆపినదాన్ని బాగుందనలేదు. చివరి పొర లేని బొమ్మ. పాడుచేసే అవకాశమే లేని బొమ్మ. సరేనంది. వదిన అప్పుడు తన వాటా మరమ్మతులు చూడ్డానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కిటికీ దగ్గర ఖాళీ స్టాండు ఉంది.

"ఆరబెట్టడానికి పంపావా?" అని అడిగింది.

"ప్రదర్శనకి తీసుకెళ్ళారు వదినా. అలాగే బాగుందన్నారు."

వదిన ఖాళీ స్టాండును గోడవైపు జరిపి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ప్రదర్శన మొదటిరోజు సాయంత్రం వదిన ఆకుపచ్చ శాలువా ఇస్త్రీ చేసి వేసుకుని తమ్ముడితో వచ్చింది. హాలులో తెల్లటి దీపాలు, చేతుల్లో గ్లాసులు పట్టుకున్న జనం. బూడిద బొమ్మ ఎదురుగోడ మధ్యన ఉంది. వదిన దాని పక్కనే నిలబడింది. ఎవరైనా బొమ్మ చూసి, పక్కకు తిరిగి, "అరె, మీరేనా?" అంటారని కాబోలు. ఎవరూ తిరగలేదు. ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ బొమ్మ వంక చూసి, తోడొచ్చినామెతో, "పాపం, ఎవరో పోయినావిడలా ఉంది, ఆ శోకం ఎంత బాగా పట్టిందో" అంది. కాలు తొక్కేంత దగ్గరగా వదినను రాసుకుంటూ దాటిపోయింది. కాసేపటికి బొమ్మ కింద ఎర్రచుక్క అంటించారు, అమ్ముడైందని గుర్తు. కొన్నది ఎవరో పళ్ళ డాక్టరు.

ఇంటికి వచ్చాక వదిన చెప్పులు విప్పుకుంటూ, మొహం ఎత్తకుండా మాట్లాడింది.

"ముప్పై ఏళ్ళు ఈ ఊరంతా నా గొంతు విన్నది. చావు కబుర్లు నేనే కలిపాను, పుట్టిన కబుర్లు నేనే కలిపాను. ఒక్కళ్ళు నా మొహం ఎరగరు. బజార్లో నన్ను తోసుకుంటూ పోయేవాళ్ళు. ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. నువ్వు బొమ్మ వేస్తానంటే, పోనీలే, ఇప్పుడైనా చూస్తారనుకున్నాను. నీ దగ్గర పెట్టెనిండా రంగులున్నాయి కదమ్మా. నాకు వెయ్యడానికే రాలేదా చెయ్యి?"

లిఫ్టు మెకానిక్కు అక్క వైపూ పెళ్ళాం వైపూ చూసి, "పైన ఒకరు, కింద ఒకరు బటను నొక్కితే మధ్యలో ఇరుక్కునేది నేనే" అన్నాడు గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వదిన తన వాటా ఇంకా తడిగానే ఉందని తెలిసీ సంచులు సర్దుకుని వెళ్ళిపోయింది.

తరువాతి రోజులు మరదలు కాలుకాలిన పిల్లిలా తిరిగింది. మిగిలిన బొమ్మలు ఏవీ ముట్టుకోలేదు. కుంచెలు కడిగింది, కడిగినవే కడిగింది. నడవడానికని బయల్దేరి ఊరి చివరిదాకా వెళ్ళి, ఎందుకొచ్చానా అని వెనక్కి తిరిగింది. చివరికి ఒకరోజు కాళ్ళే పళ్ళ డాక్టరు ఆసుపత్రి ముందు ఆగాయి.

లోపల గోడ పొడవునా కుర్చీలు, వాటి నిండా దవడలు పట్టుకున్న మనుషులు. ఎదురుగా, మంచినీళ్ళ కూజా పైన, బూడిదరంగు వదిన. తలుపు అవతల గిర్రుమని యంత్రం తిరిగినప్పుడల్లా కుర్చీల్లోవాళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంటున్నారు. ఆమె నిలబడే ఉంది. పిలుపు వచ్చేసరికి, ఏం చెప్పాలో తేల్చుకోకముందే వాలుకుర్చీలో పడుకోబెట్టేశారు.

"నోరు తెరవండి."

"నేను పళ్ళ కోసం రాలేదండీ. ఆ బొమ్మ నేను వేసిందే."

డాక్టరు ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. కుర్రవాడే, మెల్లగా మాట్లాడతాడు. "ఓ, మీరా మేడమ్! చాలా బాగుందండి. రోజూ చూస్తాను."

"అది పూర్తి కాలేదు. పూర్తి చేస్తానండి."

"నాకు అలాగే నచ్చిందండి. పొద్దున్నుంచి రాత్రిదాకా నేను చూసేదంతా ఎరుపూ తెలుపే. ఆ బూడిద చూస్తే కళ్ళు చల్లబడతాయి."

"ఆవిడకి మాట ఇచ్చాను. మా వదినకి. ఆవిడ బతికే ఉన్నారు, రంగుల్లో కనిపించాలని ఆవిడ కోరిక. నేనే పేరు కోసం కక్కుర్తి పడి ఇచ్చేశాను." నోటి ముందు దీపం వెలుగుతుండగా పడుకుని చెప్పడం వల్ల అదంతా ఒప్పుకోలులా వచ్చింది.

డాక్టరు ఆలోచించాడు. బొమ్మ గోడ దిగకూడదన్నాడు. ఇంటికి తీసుకెళ్తే తిరిగి రాదని గ్యాలరీ ఆయన చెప్పాడట. మనుషులుండగానే పని చెయ్యాలి, ఘాటు వాసనల టర్పెంటైన్ తేకూడదు, తను చాలంటే చాలించాలి. అన్నిటికీ తలూపింది.

"ఇంకొకటండి. ఆ కింది దవడ పన్ను ఇవాళే చూడాలి. పుచ్చిపోయి ఎన్నాళ్ళయిందో."

"కూర్చోవడానికి తీరిక లేక..." అంటుండగానే మత్తు సూది దిగింది.

వాచిన బుగ్గతోనే వదిన వాటాకు వెళ్ళి విషయం చెప్పింది. సగం మాటలు సరిగ్గా రాలేదు. వదిన తలుపు గొళ్ళెం మీద చెయ్యి తియ్యకుండా విన్నది.

"నేను మళ్ళీ కూర్చోను. నీకు కావాలంటే నువ్వు వేసుకో."

తలుపు మూసుకుంది.

కూజా పక్కకు జరిపి, స్టూలు వేసుకుని, ఆమె ఒక్కతే మొదలుపెట్టింది. బూడిద పొర మీద పలుచగా నూనె రాసి గుడ్డతో తుడిచింది. రెండు చుక్కలు త్వరగా ఆరే మందు కలిపిన ఎరుపును బుగ్గల మీద, ముక్కు కొన మీద, చెవుల అంచున పొగలా పరిచింది. వెనక కుర్చీల్లోంచి ఒకావిడ, "జ్వరం వచ్చినట్టుందమ్మా" అంది. ఇంకొకాయన దవడ పట్టుకునే, "మొదటి పూత అలాగే ఉంటుంది లెండి, మా గేటుకి కూడా" అన్నాడు. మొదటి వారం అలా గడిచింది. పని అయ్యాక వారంపాటు దాని జోలికి వెళ్ళకూడదు. ఆమె మాత్రం మూడో రోజే వచ్చి, కాన్వాసు అంచున వేలు ఆనించి చూసి, ఇంకా జిగటగా ఉందని తిట్టుకుంటూ పోయింది.

రెండో వారం ఆమె కుంచెలు చుట్టిన గుడ్డ విప్పుతుండగా వెనక ఒక కుర్చీ చప్పుడైంది. ఆకుపచ్చ శాలువా.

"నా మొహం నీకు గుర్తుండి చస్తుందా?" అంది వదిన. "అందుకని వచ్చాను. పళ్ళు చూపించుకోవడానికి కాదు."

కుడివైపు బాలింతరాలు, ఎడమవైపు బుగ్గలో దూది పెట్టుకున్న లారీ డ్రైవరు, మధ్యలో వదిన. యంత్రం గిర్రుమన్నా కదిలేది కాదు. ఆమెను చూసి పక్కవాళ్ళు కూడా కాస్త కుదురుకునేవారు. పసుపు పొర వేసిన రోజు బొమ్మలో మెడ వెచ్చబడింది. ఆకుపచ్చ వేసిన రోజు శాలువా బరువెక్కింది. రూట్ కెనాల్ కోసం వారం వారం వచ్చేవాళ్ళు తలుపు తీస్తూనే, "ఇవాళ ఏం మారింది?" అని అడిగేవారు. పందేలు కూడా మొదలయ్యాయి. పెదాలకు ఎరుపు పడుతుందని డ్రైవరు, పడదని బాలింతరాలు.

ఒకరోజు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి లోపల డాక్టరుకు సాయం పట్టడానికి వెళ్ళింది. ఫోను మోగింది. మోగుతూనే ఉంది. మరదలు పట్టించుకోలేదు, పెదవి మూలన ఉంది ఆమె చూపు. మొదటిసారిగా వదిన కదిలింది. వేళ్ళు ఒళ్ళో తారాడాయి, మడమలు నేలకు ఆనాయి, అంతలోనే లేచి వెళ్ళి రిసీవరు ఎత్తింది.

"చెప్పండి. డాక్టరు గారు పనిలో ఉన్నారు. మీ పేరు చెప్పి, లైన్లోనే ఉండండి."

ఆ గొంతు గదంతా పరుచుకుంది. మూలన కూర్చున్న ఒక ముసలాయన తల ఎత్తాడు. అప్పుడే పన్ను పీకించుకుని దూది కొరుకుతున్నాడు. లేచి, కాస్త తూలుతూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరు ఎక్స్ఛేంజిలో ఉండేవారా?"

"ఉండేదాన్ని."

"నేను మిల్లులో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోను చేస్తే... 'కంగారు పడకండి, లైన్లోనే ఉండండి' అనేవారు. ఈ గొంతే." ఆయన ఆమె మొహం వంక చూశాడు, తల తిప్పి గోడ మీది బొమ్మ వంక చూశాడు, మళ్ళీ ఆమె వంక చూశాడు. "ఇలా ఉంటారన్నమాట."

అది జ్ఞాపకమో, మత్తుమందు పలికించిందో ఎవరికి తెలుసు. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు ఇంకా చాలామంది ఉండేవారు. వదిన మాత్రం ఆ ఫోను పెట్టేశాక ఆ రోజు సరిగ్గా కూర్చోలేకపోయింది. మాటిమాటికీ కళ్ళు తుడుచుకుంటోంది. కళ్ళు దిద్దాల్సిన రోజది. మరదలు కుంచెలు కడుక్కుంది.

ఇక చివరి పొర మిగిలింది. ఎవరి కంటికైనా బొమ్మ పూర్తయినట్టే ఉంది. బుగ్గల్లో ఎరుపు లోపలినుంచి వస్తోంది. మరదలికి మాత్రం చెవి కింద, దవడ ఒంపులో నీడ పలుచగా అనిపించింది. ఇంకొంచెం గోధుమరంగు వేసింది. ఎక్కువైంది. వేలితో అద్దింది, మురికిగా మారింది. గుడ్డతో తుడిచింది. గట్టిగా తుడిచింది. కింది పూతలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. గుడ్డతోపాటు పసుపూ ఎరుపూ లేచి వచ్చేశాయి. రూపాయి బిళ్ళంత మేర బూడిద బయటపడింది.

ఇది ఆమెకు బాగా తెలిసిన చోటు. ఇక్కడినుంచే ప్రతిసారీ జారిపోతుంది. రంగు కలపడం మొదలుపెట్టింది. చెయ్యి తొందరపడుతోంది. డాక్టరు తొడుగుల చేతులతో తలుపు దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, చాలండి."

"ఒక్క నిమిషం."

"నేను చాలంటే చాలనుకున్నాం కదండి."

"ఒక్క నిమిషమండి! ఇక్కడ బూడిద కనిపిస్తోంది!"

వదిన లేచి వచ్చింది. మరదలి మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏమీ కాదు, పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"ఇక వదిలెయ్, అమ్మాయ్."

"అది మచ్చలా ఉంది వదినా. మీ మొహం మీద మచ్చ."

"ఉండనీ. మొహం నాది. నాకు లేని బాధ నీకెందుకు?"

"రేపు ఆరాక సరిచేస్తాను. ఒక్క పూత. చిన్నది."

"నీ చిన్న పూతలు నాకు తెలుసు." వదిన ఆమె వేళ్ళలోంచి కుంచె లాగేసుకుని, కొన తుడిచి, శాలువా మడతలో పెట్టేసుకుంది. లారీ డ్రైవరు చప్పట్లు కొట్టబోయి, దవడ కలుక్కుమనడంతో మానేశాడు. మరదలు స్టూలు మీదినుంచి దిగింది. వదిన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది, బాలింతరాలికీ డ్రైవరుకీ మధ్య. లేవమని ఎవరూ అనలేదు. చాలాసేపు కూర్చుంది.

బల్ల దగ్గరి అమ్మాయికి తరువాత వేరే చోట ఉద్యోగం దొరికింది. ఫోను ఎత్తే పని వదినకు వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే బస్సులో వస్తుంది, బొమ్మకు కాస్త పక్కగా కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు గోడ వంకా ఆమె వంకా మార్చి మార్చి చూస్తారు. "నేనే" అంటుంది, "కూర్చోండి." ఆసుపత్రిలో ఇప్పుడు గట్టిగా మూలిగేవాళ్ళు తగ్గారని డాక్టరు అంటాడు.

మరదలికి ఆ చెవి కింది చోటు మీద మనసు పోలేదు. పళ్ళు శుభ్రం చేయించుకుంటానని వచ్చేది. అంత శుభ్రమైన పళ్ళు ఊళ్ళో ఇంకెవరికీ ఉండి ఉండవు. సంచీలో గుడ్డ చుట్టిన సన్న కుంచె ఒకటి ఉండేది. వదిన లోపలికి పంపే ముందు సంచీ తెరిపించి, అది తీసి సొరుగులో వేసేది. వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేది.

ఏడాది తిరిగాక వార్నిష్ వేసే రోజు వచ్చింది. అంతవరకు ఆగకపోతే రంగుల్లోని నూనె ఊపిరాడక పాడవుతుంది. ఆదివారం ఆసుపత్రి తెరిచారు. లిఫ్టు మెకానిక్కు స్టూలు పట్టుకున్నాడు. డాక్టరు పక్కన నిలబడ్డాడు. వదిన ఒక్క కుంచె మాత్రమే చేతికిచ్చింది, వెడల్పాటిది, దిద్దడానికి పనికిరానిది. వార్నిష్ పాకుతున్నకొద్దీ వెలిసిపోయినట్టున్న నీడలు లోతుగా దిగాయి, ఆకుపచ్చ మేల్కొంది, కళ్ళలో తడి నిలిచింది. చెవి కింద బూడిద కూడా అంతే స్పష్టంగా తేలింది.

"అక్కా, నువ్వు నాకన్నా కుర్రదానిలా ఉన్నావే" అన్నాడు తమ్ముడు.

"నువ్వు లిఫ్టుల్లో తిరిగి తిరిగి ముసలాడివయ్యావు" అంది వదిన. చాలాసేపు చూసి, "బాగుంది" అంది.

మరదలు కూడా చూసింది. బాగుందని ఆమెకూ తెలుసు. ఈసారి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. కానీ ముక్కు పక్కన గీత కాస్త కుడికి ఉండాల్సింది. అది ఇంతకుముందు కనబడలేదు. ఇంటికి పోయేదాకా అది కళ్ళ ముందు ఆడుతూనే ఉంటుంది, రేపూ ఆడుతుంది.

బయటికి వచ్చి, ఆ పూట భోజనానికి తమ్ముడింటికే వెళ్దామని వదినా మరదళ్ళిద్దరూ బస్టాపు వైపు నడిచారు. భర్త స్టూలు సర్దడానికి వెనక ఉండిపోయాడు. మరదలు రెండడుగులు ముందుకు పోతోంది, ఆగి వెనక్కి వస్తోంది.

"ఇప్పుడేం వేస్తావు?" అని అడిగింది వదిన.

"కాన్వాసు కొనాలి. పెద్దది."

"ఎవరి బొమ్మకి?"

"తెలీదు వదినా."

"తెలీకుండా కొనడం ఏంటి?"

"ఇంట్లో ఉన్నవి ఏవీ ఇంకా ఆరలేదు."

వదిన నవ్వింది. బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. మరదలు కూర్చుంది. రోడ్డు చివర బస్సు కనబడలేదు. శాలువా అంచు మీద ఎండ పడి, ఆకుపచ్చలో ఎక్కడో కొంచెం ఎరుపు ఉన్నట్టు అనిపించింది. అక్కడ ఎరుపు ఎలా వస్తుందా అని వంగి చూసింది.

"నేను నడిచి పోతాను వదినా" అని లేచింది.

"మీ ఇల్లు ఇక్కడుందా? బస్సు వచ్చేస్తుంది, ఉండు."

"మీరు దిగేలోపు నేనే అక్కడుంటాను."

సంచీ భుజానికి తగిలించుకుని, రంగుల కొట్టు ఆదివారం తెరిచి ఉంటుందో లేదోనని ఆలోచించుకుంటూ, అప్పటికే వీధి మలుపు తిరిగింది.